సీతమ్మగారు రారు

నాకు అన్నిటికంటే భయం ఏమిటో ముందే చెప్తాను. నేను పోయాక నా కూతుర్ని ఎవరో వేదిక ఎక్కించి, దాని చేతిలో ఏదో పెట్టి, నలుగురి ముందు ఫొటో తీయించుకుంటారని. దాని పేరు మెహర్. మూడేళ్ళు.

నాకు ఇరవై ఐదు. ఒంట్లో ఏ రోగమూ లేదు. అయినా స్నానం చేసేటప్పుడు చంకల్లో, మెడ కింద తడుముకోని రోజు లేదు. మా అత్త హజ్రా బీ కనిపెట్టేసింది. “ఏమే సాదియా, గడ్డ ఏమన్నా దొరికిందా? దొరికితే చెప్పు, బీరువా తాళాలు తీసుకుంటా” అంటుంది. ఆమె ధైర్యం చెప్పే పద్ధతి అది.

ఊరికే వచ్చిన భయం కాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎవరో సంఘం వాళ్ళు సాయం చేస్తామని మమ్మల్ని పిలిచి వేదిక మీద కుర్చీల్లో కూర్చోబెట్టారు. మా చేతికి బియ్యం మూట ఇచ్చారు. మూటకు ఒక పక్క మా అమ్మ, ఇంకో పక్క నేను, వెనక పదకొండు మంది. పట్టుకోండి, పైకెత్తండి, ఇటు చూడండి అన్నారు. మా అమ్మ ఒక చేత్తో మూట, ఒక చేత్తో నోటికి అడ్డంగా కొంగు పట్టుకుంది. కొంగు తీయమ్మా, మొహం పడాలిగా అన్నారు. తీసింది. మర్నాడు పేపర్లో పడింది. బడిలో నా పేరు బియ్యం మూట అయింది. వారం ఓర్చుకున్నాను. తర్వాత బడికి వెళ్ళలేదు. అమ్మ ఇంకో నాలుగు నెలలు బతికింది. ఆ నాలుగు నెలలు ఆమె నొప్పికి అరిచిన అరుపులు మా వీధికంతా తెలుసు.

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద, పాత జిన్నింగ్ మిల్లు వెనక, ‘నెమ్మది’ అని ఒక ఇల్లుంది. పన్నెండు మంచాలు. ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రులు పంపేసిన వాళ్ళను అక్కడ చూస్తారు. నయం చేస్తామని చెప్పరు. నొప్పికి మందిస్తారు, పుండ్లు కడుగుతారు, ఒళ్ళు తుడుస్తారు, రూపాయి అడగరు. ఊళ్ళో దాన్ని నెమ్మది అని పిలిచేవాళ్ళు లేరు. ఆటో అతనికి ‘ఆఖరి ఇల్లు’ అంటేనే తెలుస్తుంది.

ఆ ఇంటిని నడిపేది సిస్టర్ అపర్ణ. రెండేళ్ళ కిందట ఆమె స్కూటర్ మా షెడ్డు ముందు ఆగిపోయింది. మా ఆయన యాసిన్ బండ్ల మెకానిక్కు. అతను ప్లగ్గు మారుస్తుంటే నేను ఆమెకు నీళ్ళిచ్చాను. ఎక్కడ పని అని అడిగాను. చెప్పింది. ఆ మరుసటి రోజు నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. మా అమ్మ అరుపులు ఆపే మాత్ర ఒకటి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

పుండ్లు కడగడం నా వల్ల కాలేదు. చేతులు వణుకుతాయి. అందుకని అపర్ణక్క నన్ను విరాళాల పనిలో పెట్టింది. ఆ ఇల్లు గడవడానికి ఏడాదికి రెండుసార్లు ‘రుచుల సంత’ పెడతారు. కల్యాణ మండపం ఆవరణలో ఎవరింట్లో వాళ్ళు చేసుకొచ్చిన వంటలు అమ్ముతారు. జనం ముందే కూపన్లు కొనుక్కుని వచ్చి తింటారు. కూపన్లు అమ్మడం, ఖీమా సమోసాలు చేయడం నా పని. మొదటిసారి మా వీధిలో ఒకామె, “ఆ ఇంటికి పోయొచ్చే చేతుల్తో చేసినయ్యి మేం తినం” అంది. మా అత్త ఊరుకోలేదు. “తినబాకు. నీ మొగుడు నిన్న నాలుగు తిన్నాడు, ఆయన్ని మాత్రం ఇంట్లోకి రానిస్తున్నావుగా” అంది.

సీతమ్మగారిని నేను అక్కడే చూశాను. కిటికీ పక్క మంచం. మాచవరం దాటాక నల్లబండపాలెం అనే ఊరు. గర్భసంచి క్యాన్సర్. పిల్లల్లేరు. భర్త పదేళ్ళు ఆ ఊరి సర్పంచ్‌గా చేసి చనిపోయాడు. పొలం మరిది కొడుకులు చేస్తున్నారు. ఆమె మంచం దిగలేకపోయినా రోజూ తల దువ్వించుకుని, మొహానికి పౌడరు రాయించుకునేది. నేను సమోసా తీసుకెళితే చిన్న ముక్క నాలిక మీద పెట్టుకుని, “ఏందే ఇది, కారం లేదు. కాలేజీ పిల్లలకు చేశావా?” అనేది.

ఆమె అక్కడున్నట్టు వాళ్ళ ఊళ్ళో ఎవరికీ తెలియదు. గుంటూరులో చెల్లెలింట్లో ఉన్నానని చెప్పి వచ్చింది.

“ఎందుకు పెద్దమ్మా అట్టా చెప్పావు?” అని ఒకసారి అడిగాను.

“మా వాకిట్లో పొద్దున లేస్తే పదిమంది కాఫీ తాగేవాళ్ళు. అదే వాకిట్లో నిలబడి అయ్యో పాపం అంటారు. ఆ మాట వినే ఓపిక నాకు లేదు. నువ్వు కూడా ఎవరికీ చెప్పబాకు.”

చెప్పనన్నాను.

కూపన్లు అమ్మడానికి వెళితే మా వైపు అందరూ ఒకటే మాట అడుగుతారు. ఆ ఇంట్లో ఏం చేస్తారు, ఎంతమంది ఉన్నారు అని కాదు. “మనోళ్ళెవరన్నా ఉన్నారా ఆడ?” అని. మనోళ్ళంటే వాళ్ళ ఊరు కావచ్చు, వాళ్ళ కులం కావచ్చు, వాళ్ళ వియ్యంకుల తరఫు కావచ్చు. ఉన్నారంటే చెయ్యి జేబులోకి వెళుతుంది. లేరంటే మళ్ళీ రా అమ్మా అంటారు. మొదట్లో నాకు తెలియక, లేరన్నా అని నిజం చెప్పి ఉత్త చేతులతో తిరిగొచ్చేదాన్ని. తర్వాత నేర్చుకున్నాను. “అందరూ ఉన్నారన్నా” అనేదాన్ని. దాంతో సగం పని అయ్యేది.

ఈసారి సంతకు మూడు వారాల ముందు శ్రీమన్నారాయణగారి ఆఫీసుకు వెళ్ళాను. ఆయనకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. మా షెడ్డు ఉన్న స్థలం కూడా ఆయనదే. ఆయన టీ తెప్పించాడు. మర్యాదగానే మాట్లాడాడు.

“మనోళ్ళెవరన్నా ఉన్నారామ్మా ఆడ?”

“అందరూ ఉన్నారు సార్.”

“అందరూ అంటే ఎవరూ లేనట్టేగా. మాది నల్లబండపాలెం. మా వైపు ఎవరన్నా ఉన్నారా?”

నా బుద్ధికి ఏమైందో. ఉన్నారంటే పుస్తకం మొత్తం కొంటాడు అన్నదొక్కటే తోచింది. “మీ ఊరామే ఉంది సార్” అన్నాను.

“ఎవరు?”

“పేరు చెప్పకూడదు సార్. పెద్దింటామె. ఆమె భర్త సర్పంచ్‌గా చేశారంట.”

పేరు చెప్పకపోవడమంటే అదేనని అనుకున్నాను చూడండి. ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత కూపన్ల పుస్తకం మొత్తం తీసుకున్నాడు. నేను మెట్లు దిగేటప్పుడు సంతోషంతో పరిగెత్తాను. రోడ్డు మీదికి వచ్చాక ఆగి ఆ మెట్ల వైపు తిరిగి చూశాను. వెనక్కి వెళ్ళి చెప్పినదాన్ని తిరిగి తెచ్చుకునే దారి లేదు.

నాలుగు రోజులకు శివరామయ్య మాస్టారు అందర్నీ పిలిచారు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు, నెమ్మది కమిటీకి కార్యదర్శి. ఆయన భార్య ఆ ఇంట్లోనే కన్నుమూసింది. ఆ రోజు నుంచీ ఆ ఇంటికోసమే బతుకుతున్నాడు. చెడ్డవాడు కాదు, ఆ సంగతి ముందే చెప్పాలి.

“శ్రీమన్నారాయణగారు మనకు వ్యాను ఇస్తున్నారు” అన్నారు.

అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మంచాలు పన్నెండే కాబట్టి మిగతా రోగులంతా ఊళ్ళల్లోనే ఉంటారు. వాళ్ళ దగ్గరికి అపర్ణక్క స్కూటర్ మీద, బస్సుల్లో తిరుగుతుంది. నకరికల్లులో కోటేశ్వరరావు అని మంచం పట్టిన మనిషి ఉన్నాడు. ఆయన వీపు పుండు కడగడానికి వెళితే ఒక పూట పోతుంది. వ్యాను ఉంటే ఒక పూటలో మూడు ఊళ్ళు చూడొచ్చు. రెండేళ్ళుగా మా మాటలన్నీ ఆ వ్యాను చుట్టూనే.

“ఒక్కటే అడిగారు. సంత రోజు వేదిక మీద తాళంచెవి తమ ఊరి మనిషి సీతమ్మగారి చేతికే ఇస్తారంట. లబ్ధిదారుగా ఆమె అందుకోవాలంట.”

అపర్ణక్క నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటం కూడా నాకు అర్థమైంది.

సీతమ్మగారికి ఆమే చెప్పింది. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాను.

“శ్రీమన్నారాయణా?” అని సీతమ్మగారు నవ్వింది. నవ్వితే ఆమెకు నొప్పి వస్తుంది. “రెండుసార్లు మా ఆయన మీద నిలబడి రెండుసార్లు ఓడాడు. మా ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఆడికింకా ఎలక్షన్ అయిపోలా.”

“మీకు ఇష్టం లేకపోతే వద్దమ్మా” అంది అపర్ణక్క.

“ఇష్టమా? ఆడి చేతి కింద నా చెయ్యి పెట్టేది లేదు. వ్యాను ఇస్తే ఇయ్యమను, లేకపోతే ఊరేగమను.” తర్వాత నా వైపు తిరిగింది. “నేనీడ ఉన్నట్టు ఆడికెవరు చెప్పారే?”

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. “నేనే పెద్దమ్మా” అన్నాను.

“ఎంతకు చెప్పావు?”

“కూపన్ల పుస్తకం ఒకటి కొన్నాడు.”

“ఒక్కటేనా” అని గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత మూడు రోజులు నా సమోసా ముట్టుకోలేదు.

సంత ఆదివారం. శుక్రవారం నాడు మాస్టారు నన్ను వరండాలోకి పిలిచారు.

“ఆమెకు నాలుగింటికి నొప్పి మాత్ర వేస్తారు కదా. ఐదున్నరకు మగతగా ఉంటది. కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొస్తే రెండు నిమిషాల పని. నువ్వు పక్కనుంటే గొడవ చెయ్యదు.”

“ఆమె వద్దంది కదా మాస్టారూ.”

“వద్దనే అంది. ఆమెకు తెలిసేది కూడా లేదమ్మా. ఊళ్ళల్లో నొప్పికి అరిచేవాళ్ళు పాతిక మంది ఉన్నారు. మీ అమ్మ అట్టాగే పోయిందని నువ్వే చెప్పావు. ఆ పాతికమందికి నువ్వు చెప్పు, ఆమె పరువు కోసం వ్యాను వదులుకున్నామని.”

“అపర్ణక్కకు తెలుసా?”

“ఆ మధ్యాహ్నం ఆమె నకరికల్లు పోద్ది. వచ్చేసరికి అయిపోద్ది.”

ఆయన మాటలో తప్పేదో పట్టుకుని జవాబు చెప్పే చదువు నాకు లేదు. తల ఊపి వచ్చేశాను.

ఇంట్లో చెప్పాను. యాసిన్ అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

“షెడ్డు ఆయన స్థలంలో ఉంది సాదియా.”

“తెలుసు.”

“మనం కాగితం కూడా రాసుకోలా. పొమ్మంటే పోవడమే.”

“తెలుసన్నానుగా.”

మా అత్త మెహర్‌కు ముద్దలు పెడుతోంది. “రెండు నిమిషాలేగా. ఆ ముసలామెను తోసుకుపోయి తోసుకురా. నీకెందుకు ఈ గోల” అంది. ఇంకో ముద్ద పెట్టి, “మీ అమ్మను కొంగు తియ్యమన్నోడు ఎవడో గుర్తుందా నీకు?” అని అడిగింది.

“గుర్తులేదు. ఉంగరం గుర్తుంది.”

చెయ్యి కడుక్కుని వచ్చాక యాసిన్ అన్నాడు, “నువ్వేదన్నా చేసేదుంటే నాకు ముందు చెప్పబాకు. చెప్తే నేను ఆపుతా.”

ఆదివారం మూడింటికి మండపం దగ్గరికి వెళ్ళాం. గేటు ఎత్తున ఫ్లెక్సీ కట్టారు. దాన్నిండా శ్రీమన్నారాయణగారి మొహం, దండం పెట్టిన చేతులు. కింద మూలన రూపాయి బిళ్ళంత గుండ్రంలో సీతమ్మగారు. చేర్చుకున్న రోజు తీసిన ఫొటో. జుట్టు రేగి, పెదాలు ఎండి, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. ఆ ఫొటో ఫైల్లో తప్ప ఎక్కడా ఉండకూడదు. పక్కన తెల్ల వ్యానుకు రిబ్బను కట్టారు. వ్యాను మీద ఆయన పేరు, వాళ్ళ నాన్న పేరు, రెండు పక్కలా రాయించారు. నెమ్మది పేరు వెనక తలుపు మీద ఉంది.

నేను ఫ్లెక్సీ కిందే చాలాసేపు నిలబడ్డాను. మా అత్త సమోసాల బేసిను దించి, “ఏమే, నూనె కాగుతోంది, రా” అని రెండుసార్లు పిలిచింది.

నాలుగున్నరకు ఆటో మాట్లాడుకుని నెమ్మదికి వెళ్ళాను. ఆయా అప్పటికే సీతమ్మగారికి కొత్త చీర చుట్టింది. చక్రాల కుర్చీ మంచం పక్కన ఉంది. సీతమ్మగారి తల ఒక పక్కకు వాలిపోతోంది. నా అడుగుల చప్పుడుకు కళ్ళు తెరిచింది.

“ఏందే, చీర కట్టారు. ఎక్కడికి?”

ఆ మగతలో కూడా ఆమె చెయ్యి కొంగు కోసం వెతుకుతోంది.

“ఎక్కడికీ లేదు పెద్దమ్మా. పడుకో.”

చీర విప్పి మామూలు నైటీ తొడిగాం. కుర్చీని వరండాలోకి నెట్టాను. “మాస్టారు తిడతారమ్మా” అంది ఆయా. “నన్ను తిట్టమను. నేను వచ్చేదాకా నువ్వు ఈమె పక్కనుంచి కదలబాకు” అన్నాను. అదే ఆటోలో వెనక్కి వచ్చాను. దారిలో మూడుసార్లు ఆటో ఆపించి ఇంటికి పోదామనుకున్నాను. షెడ్డు కళ్ళముందు కనపడింది. మెహర్ బడి ఫీజు, అత్త బీపీ మాత్రలు కనపడ్డాయి. ఆపించలేదు.

మండపంలో జనం కిటకిటలాడుతున్నారు. వేదిక మీద శాలువాలు కప్పడం అయిపోయింది. మాస్టారు మైకు పట్టుకుని ఉన్నారు. “ఇప్పుడు లబ్ధిదారు శ్రీమతి సీతమ్మగారిని వేదిక మీదికి తీసుకురావలసిందిగా” అని చెప్పి, గేటు వైపు కుర్చీ కోసం చూశారు. ఆయన చూపు నా మీద పడింది. ఉత్త చేతులు.

మెట్లెక్కాను. పద్నాలుగేళ్ళప్పుడు దిగిన తర్వాత మళ్ళీ ఏ వేదికా ఎక్కలేదు. మాస్టారి చేతిలో మైకు ఇంకా ఉంది. ఆయన పక్కన నిలబడి అందులోకే చెప్పాను.

“సీతమ్మగారు రారు.”

నా గొంతు పెట్టెల్లోంచి పెద్దగా వచ్చింది. కింద తినేవాళ్ళు తలెత్తారు.

శ్రీమన్నారాయణగారు తాళంచెవి ఉన్న పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు. “ఏమైంది? బాగలేదా?” అన్నారు.

“బాగానే ఉన్నారు. రానని మొన్ననే చెప్పారు. ఆమె మాట మీకు ఎవరూ చేరవెయ్యలేదు. వ్యాను అందరికోసం కదా సార్. లబ్ధిదారు కావాలంటే నేనున్నా. మా అమ్మ క్యాన్సర్‌తోనే పోయింది. నాకివ్వండి.” రెండు చేతులూ చాపాను.

“నువ్వెవరమ్మా?” అన్నాడాయన. తెలిసే అడిగాడు.

“మీ స్థలంలో షెడ్డు వేసుకున్న యాసిన్ భార్యని.”

ఫొటో తీసే అతను కెమెరా దించి ఆయన వైపు చూశాడు. తీయాలో వద్దో ఎవరూ చెప్పలేదు. ఆయన పళ్ళెంలోంచి తాళంచెవి తీశాడు. నా చేతుల మీద పెట్టబోతున్నాడనే అనుకున్నాను. జేబులో వేసుకున్నాడు.

“ఆమె వచ్చినప్పుడే ఇస్తా. ఇది మా ఊరి విషయం.”

“ఆమె వచ్చేది లేదు సార్.”

“అయితే వ్యానూ లేదు.”

మైకు మా ఇద్దరి మధ్యే ఉంది. ఆ మాట చివరి బల్ల దాకా వినపడింది. తర్వాత కింది నుంచి ఎవరో, “ఫ్లెక్సీలో అందరికోసం అని రాశారు గందా” అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. రిబ్బను కట్టిన వ్యాను అట్లాగే గేటు దాటి పోయింది.

మాస్టారు మైకు ఆపేశారు. నన్ను తిట్టలేదు. “ఆ రెండు నిమిషాలు నువ్వు ఓర్చుకోలేకపోయావు. ఇక ఆ ఊళ్ళకు ఎవరు పోతారో నువ్వే చెప్పు” అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్షమించమని అడగమని కమిటీలో ఇద్దరు చెప్పారు. అడగలేదు. అడగను. రోగమొచ్చిన మనిషి వద్దంటే వద్దనే. మందు మింగించి ఔననిపించడానికి పాతికమంది పేరు చెప్పినా సరే, వందమంది పేరు చెప్పినా సరే.

గేటు దగ్గర ఫ్లెక్సీని మర్నాటి దాకా తీయరు. నేనే సమోసా పట్టీలు కోసే కత్తెరతో ఆ మూలన గుండ్రం కత్తిరించి తెచ్చుకున్నాను. మా అత్త చూసి, “ఆయన చొక్కా మూల ఎలుక కొరికినట్టుంది. బాగుంది” అంది.

నాలుగో రోజుకు షెడ్డు ఖాళీ చేయమని మనిషి వచ్చాడు. యాసిన్ సామాను ట్రాలీ ఆటోలో వేసుకుని రైల్వే గేటు దగ్గర టార్పాలిన్ పట్టా కట్టుకున్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు భోజనం తెచ్చిస్తే గిన్నె తీసుకుంటూ, “ఆ వ్యాను సర్వీసింగ్ నాకే ఇస్తానన్నాడు, తెలుసా నీకు?” అన్నాడు.

“చెప్పలేదుగా.”

“చెప్తే నువ్వు ఆగేదానివా?”

“లేదు.”

“మరెందుకు చెప్పేది” అని తినడం మొదలుపెట్టాడు.

సీతమ్మగారికి సంగతంతా ఫోన్లలో తిరిగిన వీడియో వల్ల తెలిసింది. నేను వెళ్ళేసరికి పక్క మంచం వాళ్ళ ఫోన్లో అదే చూస్తోంది. మెచ్చుకుంటుందేమోనని మనసులో ఎక్కడో ఉంది నాకు.

“నన్ను అడక్కుండా ఆడికి నా సంగతి చెప్పావు. రానన్న మాట నాదే, కాదనను. దాన్ని ఊరంతా వినేట్టు మైకులో చెప్పమని నేనన్నానా? ఇప్పుడు మా ఊళ్ళో ప్రతి ఇంట్లో నేను ఈడ ఉన్నట్టు తెలుసు.”

“తప్పే పెద్దమ్మా.”

“తప్పని ఏడవబాకు. ఏడిస్తే నాకు నొప్పి ఎక్కువవుద్ది.” ఫోను పక్కన పెట్టింది. “తెలిసిపోయాక ఇంక దాక్కునే పనేముంది. నన్ను మా ఇంటికి తీసుకుపోండి.”

అపర్ణక్క ఎంతో చెప్పి చూసింది. ఇక్కడైతే రాత్రింబగళ్ళు మనిషి ఉంటుంది, అక్కడ ఎవరున్నారు అని. “నా మంచం ఉంది” అంది సీతమ్మగారు. ఆమె మాట కాదనే హక్కు ఇక మాలో ఎవరికీ లేదు.

గురువారం ఆమెను కారులో పడుకోబెట్టుకుని నల్లబండపాలెం తీసుకెళ్ళాం. మంచం వాకిట్లోనే వేయించుకుంది. గంటలో ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. “అయ్యో సీతమ్మక్కా, ఎట్టా ఉండేదానివి” అని ఒకామె మొదలుపెట్టింది. సీతమ్మగారు పౌడరు రాసిన మొహంతో దిండుకు ఆనుకుని, “చూసిపోండి, టికెట్టు లేదు. చూసినోళ్ళు కాఫీ పెట్టి పోండి, పాలు లోపలున్నయ్” అంది. ఆ రోజు ఆమె వాకిట్లో పద్దెనిమిది మంది కాఫీ తాగారు. మరిది కొడుకులు మాత్రం రాలేదు.

ఇది జరిగి పదహారు రోజులు. మొదటి వారం జనం వచ్చారు. రెండో వారం తగ్గారు. అపర్ణక్క మంగళవారం మాత్రమే వెళ్ళగలదు. పిడుగురాళ్ళ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి మాచవరానికి ఇంకోటి, ఆపైన ఆటో దొరికితే దొరికినట్టు. నేను శుక్రవారం వెళ్ళాల్సింది. మెహర్‌కు జ్వరం, నూట రెండు. వెళ్ళలేదు. మధ్యలో రోజుల్లో నేను ఫోను చేసి మాత్ర వేసుకున్నావా అని అడుగుతాను. “వేసుకున్నా, నువ్వు నీ పిల్లను చూసుకో” అని పెట్టేస్తుంది.

నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె ఫోను ఎత్తడం లేదు. చార్జింగ్ అయిపోయి ఉండొచ్చు. ఆమె పక్కింటి హరిత నంబరు ఉంది, వాళ్ళు పెళ్ళికని తిరుపతి వెళ్ళారంట. అపర్ణక్క నకరికల్లులో కోటేశ్వరరావు దగ్గరుంది, ఆయనకు ఈ పూట గడిచేట్టు లేదు. యాసిన్ బండి వేసుకుని పోతానన్నాడు, కానీ చేరేసరికి చీకటి పడుతుంది.

ఇదంతా రాయనా పెద్దమ్మా, నీ పేరూ ఊరూ రాయనా అని బుధవారం ఆమెను అడిగాను. రాసుకో, కారం తక్కువ కాకుండా రాయి అంది. అందుకే రాశాను.

మీరు మాచవరం వైపు వాళ్ళయితే, మీ వాళ్ళెవరైనా అటు ఉంటే, నల్లబండపాలెంలో సర్పంచ్ సీతమ్మగారిల్లు అని అడిగి ఒకసారి లోపలికి వెళ్ళి చూడండి. పండ్లు ఏమీ తీసుకెళ్ళొద్దు, ఫొటో తీయొద్దు. మంచం పక్కన నీలం డబ్బా ఉంటుంది, నాలుగింటి మాత్ర అందులో ఉందో వేసుకుందో చూడండి.